తొమ్మిదిసార్లు

మా నెట్ సెంటర్ గోడకి నేనే అంటించాను:
ఓపెన్ టెన్త్, దరఖాస్తుకి ఆఖరి తేదీ,
అది దాటితే ఎంత, ఇంకా దాటితే ఎంత.
కింద స్కెచ్ పెన్నుతో నా చార్జీ, అరవై.

కోట వీధి మొగలో సాయంత్రం ఆరున్నరకి
ఐసు వాసన ముందొచ్చింది,
వెనకాల ఆవిడ.
సూరాడ నూకరత్నం. రొయ్యల కంపెనీలో ఒలుపు పని.
"టెన్తుకి ఏపాటవుద్ది బాబూ?"

ప్రవేశానికింత, సబ్జెక్టుకింత,
ప్రాక్టికల్ ఉంటే దానికి వేరే,
కలిపి చెప్పాను.
ఆవిడ రూపాయల్లో వినలేదు.
"నూట ముప్పై కిలోలు" అంది.
"తల తీసి, నరం తీసి, నూట ముప్పై."
నా పట్టికలో ఆ గడి లేదు.

"వయసెంత?"
"పద్నాలుగు నిండితే సాలంటగా.
మూడు పద్నాలుగులు నిండిపోనాయి."

ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి ఒకటి.
ఈ వీధిలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు,
ఆరోజు కేకు కోసినవాణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు.
ఆధార్‌లో నూకరత్నం, బడి కాగితంలో నూకాలు.
ఇద్దరూ ఒక్కరేనని ఒప్పించడానికి
స్టాంపు కాగితం, నోటరీ, రెండొందలు.
"నాను నానవడానికీ డబ్బులేనా!" అని నవ్వింది.
నేను నవ్వలేదు. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంది.

బడి మానడానికి కారణం?
"తుపానని రాసీ."
"ఏ తుపాను?"
"మా పడవ పోయినది. అప్పట్లో వాటికి పేర్లెట్టేవోరు కాదు."
జాబితాలో తుపాను లేదు.
ఇతరములు నొక్కాను.

ఐదో సబ్జెక్టు గృహవిజ్ఞానం తీసుకోండి, సులువన్నాను.
"ఇంటిపని ఇంకెవులు నేర్పాల నాకు? లెక్కలెట్టు."
"లెక్కలు కష్టమమ్మా."
"తూకం పుస్తకం రాసే కుర్చీకి టెన్తుండాలంట.
నా ట్రే పదకొండు తూగితే పదని రాసుకునే పుస్తకం,
దాన్ని ఒక్కపాలి నా సేత్తో పట్టుకోవాల."

అప్పుడు వేలిముద్ర.
బొటనవేలు. ఎర్రలైటు.
చూపుడువేలు, మధ్యవేలు. ఎర్రలైటు.
ఐసులో నాని, పెంకు గీసుకుని గీసుకుని
గీతలన్నీ రొయ్యలతోపాటే ఓడెక్కి వెళ్ళిపోయాయి.
వేలు పెట్టండి, అంటుంది యంత్రం.
వేలు పెట్టే ఉంది.

"నాలుగు రోజులు పనికెళ్ళకండి,
కొబ్బరినూనె రాయండి, గీతలొస్తాయి"
అన్నాను పెద్ద డాక్టర్లా.
నాలుగు రోజుల కూలి
ఏ సర్క్యులర్లోనూ వెయ్యని రుసుము.

ఆవిడ వచ్చేసరికి ఆఖరి తేదీ వెళ్ళిపోయింది.
ఆలస్య రుసుము కొంగుముడిలో
తడిగా ఉంది.
మళ్ళీ బొటనవేలు, మళ్ళీ ఎర్రలైటు.
కుడిచెయ్యి అంతా అయిపోయింది.
చివరికి ఎడమచేతి చిటికెనవేలు,
ఒలిచేటప్పుడు ఎప్పుడూ గాల్లో ఉండే వేలు,
పెంకుకి పనికిరాని వేలు,
పచ్చలైటు.

నా అరవైని నలభై చెయ్యమంది.
యాభై దగ్గర తెగింది.

రూల్సు సదివి ఇనిపించమంది.
ఆదివారాలు తరగతులు.
హాల్ టికెట్ లేనిదే గేటు దాటనివ్వరు.
ఒక్కో పేపర్లో ముప్పై అయిదు రావాలి.
వచ్చినవి దాచి ఉంచుతారు,
రానివే మళ్ళీ రాయొచ్చు,
అయిదేళ్ళలో తొమ్మిదిసార్లు.

"ఆగాగు. ఎన్నిపాల్లు?"
"తొమ్మిది."
స్టూలు లాక్కుని కూర్చుంది.
"తొమ్మిదిపాల్లు తప్పినా రానిత్తారా?"
"రానిస్తారు. ఫీజు కట్టాలి, అంతే."
"కంపెనీలో రెండు ట్రేలు పాడైతే గేటవతలే.
మా అయ్యకి సముద్రం ఒక్కపాలే ఇచ్చింది."
కాసేపు గోడమీది కాగితాన్ని చూసింది,
చదువుతోందో, తూస్తోందో.
"ఆ ముక్క మళ్ళీ సదువు."

చదివాను.

బయట షేర్ ఆటో హారన్ కొట్టింది.
రశీదు జాకెట్లో దోపుకుని
రాడ్డు పట్టుకుని ఎక్కింది,
ఆ ఒక్క వేలినీ
ఇనుముకి తగలనివ్వకుండా.